పిల్లల కేసుల్లో గడువులు పాటించేలా చూడండి

మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కార్యదర్శి గారికి,

వరంగల్ నుంచి రాస్తున్నాను. మా వాడలో ఒక తల్లి మార్కెట్లో మిర్చి కూలికి పోతుంది. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో కొడుకు వాయిదా ఉన్న ప్రతిసారీ ఆ రోజు కూలి పోయినట్టే. (పిల్లవాడి పేరు రాయకూడదు, చట్టం ఒప్పుకోదు.) కొంగుకు మిర్చి ఘాటు అంటుకునే ఉంటుంది, చేతిలో ఆధార్ జిరాక్సు. పిల్లల కేసులు విచారించే బాలల న్యాయ బోర్డు దగ్గర మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, రిపోర్టు రాలేదని మరో తేదీ ఇస్తారు.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లవాడి ఇంటి పరిస్థితులు విచారించే ప్రొబేషన్ అధికారి నివేదిక 15 రోజుల్లో రావాలి. విచారణ 4 నెలల్లో ముగియాలి, మహా అయితే ఇంకో 2 నెలలు. ఇలాంటి చిన్న నేరంలో అప్పటికీ తేలకపోతే కేసు మూసేయాల్సిందే. ఆ తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

నన్ను ఇంకా భయపెట్టేది మరొకటుంది. 16 నిండిన పిల్లల మీద ఘోర నేరం ఆరోపణ వస్తే, పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని బోర్డు ముందుగా అంచనా వేస్తుంది. పిల్లవాడి బతుకు అక్కడే మలుపు తిరుగుతుంది. బోర్డులో పిల్లల మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటి నిపుణుల సాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. మా జిల్లా బోర్డుకు ఒక సైకాలజిస్టును శాశ్వతంగా కేటాయించండి. ప్రొబేషన్ అధికారుల ఖాళీలుంటే ముందు అవి నింపండి. ఉచితంగా వకీలు దొరుకుతారని మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పే మనిషిని అక్కడ పెట్టండి.

ఆ అబ్బాయి ఈసారి పదో తరగతి రాయాలి. వాయిదాల టెన్షన్‌తో బడికే పోవడం లేదు. దయచేసి త్వరగా స్పందించండి.

నమస్కారాలతో,
వరంగల్ వాసి ఒకరు