ఎర్రజెండా కథలో ఆ ఊరి పేరేది?

ఎడిటర్ గారికి నమస్కారం. బ్రిటన్‌లోని వేల్స్ అనగానే అందరూ ఎర్ర డ్రాగన్ బొమ్మ వేసి ఊరుకుంటున్నారు, అది అఫీషియల్ జెండా అయింది 1959లో, కానీ అక్కడి ఎరుపుకి ఇంకో కథ ఉందండి. 1831 జూన్‌లో అక్కడి మెర్థిర్ టిడ్‌ఫిల్ అనే ఊళ్లో కూలీ కోసేసి, అప్పుల కోర్టు వాళ్లు ఇంట్లో సామాన్లు కూడా పట్టుకుపోతుంటే ఇనుము కార్మికులు తిరగబడ్డారు, దూడ రక్తంలో గుడ్డ ముంచి జెండాగా ఎత్తారని చెప్తారు. సైనికులు కాల్చారు, చాలామంది పోయారు. ఒక సైనికుణ్ణి పొడిచాడని డిక్ పెండెరిన్ అనే 23 ఏళ్ల కుర్రాణ్ణి ఆగస్టు 13న కార్డిఫ్‌లో ఉరి తీశారు, ఆ గాయపడ్డ సైనికుడే ఇతన్ని గుర్తుపట్టలేకపోయాడు, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మన దగ్గర మేడేకి ఇన్ని ఎర్రజెండాలు ఎగురుతాయి కదా, ఈసారి ఆ కుర్రాడి గురించి ఒక కాలమ్ అయినా వేయండి సార్.

- మీ పాఠకుడు