పన్నెండు టెన్సులకు చప్పట్లు సరే

సంపాదకులకు,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వచ్చిన వార్త గురించి రాద్దామా వద్దా అని ఊగిసలాడి, ఇక ఆగలేక రాస్తున్నాను. ఏడో తరగతి పిల్లలు ఇంగ్లీషులోని పన్నెండు టెన్సులను రెండు నిమిషాల్లో అప్పజెప్పారట. అధికారులు చప్పట్లు కొట్టారట. శాలువాలు కూడా కప్పారట, పిల్లలకు కాదు, వచ్చిన అధికారులకు.

ఆ పిల్లల్లో ఒకడు మా వీధివాడే. మర్నాడు అరుగు మీద కూర్చోబెట్టి, నిన్న ట్యూషన్‌కు ఎందుకు వెళ్లలేదురా అని ఇంగ్లీషులోనే అడిగాను. "ఐ డిడ్ నాట్ వెంట్, తాతగారూ, ఫీవర్" అన్నాడు. పట్టిక మాత్రం పాస్ట్ పర్‌ఫెక్ట్ కంటిన్యువస్‌తో సహా పొల్లుపోకుండా చెప్పాడు. వాణ్ణి ఏమనగలను? ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. మొదటి పదేళ్లు నేనూ ఆ పట్టికనే బోర్డు మీద గీశాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

నిజానికి ఇంగ్లీషు క్రియ తానుగా రూపం మార్చుకునేది వర్తమానానికీ, భూతానికీ మాత్రమే. భవిష్యత్తుకు దానికి సొంత రూపమే లేదు, 'విల్' లాంటి మాటను తోడు తెచ్చుకుంటుంది. గో, గోజ్, వెంట్, గాన్, గోయింగ్, అంతే, ఐదు రూపాలు. 'పుట్'కైతే మూడే. మిగతా పనంతా బీ, హావ్, డూ చేసిపెడతాయి. ఈ కాస్త సరంజామాను పన్నెండు గళ్లలో సర్ది, వి1, వి2, వి3 అని లెక్కల సూత్రాల్లా బట్టీ పట్టిస్తున్నాం.

'డిడ్' వచ్చి జరిగిపోయిన కాలాన్ని తన నెత్తిన పెట్టుకున్నాక, అసలు క్రియ దాన్ని మళ్లీ మోయదు. అందుకే 'డిడ్ నాట్ గో'. ఇది మనకు కొత్తా? 'వెళ్లాను'కు వ్యతిరేకం 'వెళ్లలేదు'. 'వెళ్లాను లేదు' అని ఏ పసివాడైనా అంటాడా? 'వెళ్తున్నాను' అంటే 'వెళ్తూ ఉన్నాను', 'యామ్ గోయింగ్' అల్లికా అదే. చిక్కు వచ్చేది మరోచోట. మనకు 'రోజూ వెళ్తాను', 'రేపు వెళ్తాను' రెండూ ఒకే రూపం. అందుకే మన పిల్లలు 'డైలీ ఐ విల్ గో' అంటారు. అలవాటుగా జరిగే పనికి తద్ధర్మం అని మన పాత వ్యాకరణాలు పేరే పెట్టాయి. ఆ ఒక్క మాట తెలుగులో విడమరిచి చెబితే సగం తప్పులు పోతాయి. కానీ ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట వినిపిస్తే జరిమానా వేసే బడులున్నాయి మరి!

సర్కారు బడుల్లో బోధనా మాధ్యమాన్ని ఇంగ్లీషుకు మారుస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే జీవో వచ్చింది. తెలంగాణ 2022లో మొదలుపెట్టింది. క్రియ ఎలా కుదురుతుందో పంతులుకు కూర్చోబెట్టి చెప్పే శిక్షణ మాత్రం ఏ జీవోలోనూ నాకు కనబడలేదు. పెద్దల ఇంగ్లీషు సంగతీ చూడండి. ఆమధ్య పనిబడి ఒక కార్యాలయానికి వెళితే తలుపుకు చీటీ అంటించి ఉంది: 'ఆఫీసర్ హాజ్ వెంట్ టు మీటింగ్'. 'గాన్' అని దిద్దుదామని జేబులోంచి పెన్ను తీశాను. మూడు వారాల తర్వాత వెళ్లినా అదే చీటీ, అదే 'వెంట్'. ఈసారి పెన్ను తీయలేదు.

అన్నట్టు, ఆ పట్టికలో ఆఖరి గడి ఒకటుంది, 'ఐ షల్ హావ్ బీన్ వెయిటింగ్' అని. ఇంగ్లీషువాళ్లకే అరుదుగా అవసరమయ్యే వాక్యం, పిల్లలకు ఎందుకని విసుక్కునేవాణ్ణి. నాకు రావలసిన పదవీ విరమణ బకాయిల కోసం, వచ్చే మార్చికి సరిగ్గా మూడేళ్లుగా ఎదురుచూస్తూ ఉండి ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు