మూత్ర పరీక్ష చీటీని చదివి చెప్పేవారు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి, పదవీ విరమణ తర్వాత హనుమకొండలో ఉంటున్నాను. షుగర్, బీపీల గురించి మన జిల్లాల్లో ఇప్పుడు అందరికీ ఎంతో కొంత తెలుసు. అన్నిటికన్నా చవకైన మూత్ర పరీక్షను మాత్రం చేయించుకున్నవారూ, చేయించినవారూ లెక్కలోకి తీసుకోవడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

పరకాలలో ఉండే మా చెల్లెలికి పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. నెలనెలా రక్తం చూపించుకుంటుంది, మాత్రలు ఏనాడూ మానలేదు. నిరుడు కాళ్లకు నీరు పట్టి ఆయాసపడుతుంటే పరీక్ష చేయించాము. మూత్రపిండాలు బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఆరు దాటింది. పాత కాగితాలన్నీ బట్టల దుకాణం సంచిలో తెచ్చి నా ముందు పోసింది. వాటిలో ఐదేళ్ల కిందట ఒక ల్యాబ్ ఇచ్చిన చీటీ దొరికింది. ఆల్బుమిన్ అన్న మాటకు ఎదురుగా రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయి. ఆ చీటీ చూసిన వైద్యుడు షుగర్ మాత్ర మార్చి పంపించారట, ఆ గుర్తుల సంగతి ఎత్తలేదట. ఇదే పనిలో బతికిన అన్ననై ఉండి నేను కూడా ఆ కాగితం అడిగి చూడలేదు. ఇప్పుడు ఆమె వారానికి రెండుసార్లు, పూటకు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ మంచం మీద పడుకుంటోంది.

ఆ రెండు గుర్తులు ఏం చెబుతున్నాయో పాఠకులకు వివరించాలి. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాల జల్లెడ రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తిని దాదాపుగా బయటికి పోనివ్వదు. షుగర్ వల్లనో, బీపీ వల్లనో ఆ జల్లెడ దెబ్బతింటే ఆల్బుమిన్ మూత్రంలోకి కారడం మొదలవుతుంది. అప్పటికి మనిషికి నొప్పి ఉండదు, వాపు ఉండదు, మూత్రం కూడా మామూలుగానే వస్తుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగి కనిపించే సరికి మూత్రపిండాల పనితనం చాలాసార్లు సగం వరకు తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, మూత్రం చెప్పే మాటను ఏళ్ల ముందే వినవచ్చు. అప్పుడు వింటే బీపీని గట్టిగా అదుపులో పెట్టి, ఉప్పు తగ్గించి, మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చే డైక్లోఫెనాక్ మాత్రలు మానిపించి, మూత్రపిండాలను కాపాడే మందులు మొదలుపెట్టి నష్టాన్ని చాలాకాలం వాయిదా వేయవచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పరీక్ష నాళికను స్పిరిట్ దీపం మీద పెట్టి పైభాగం వేడి చేసేవాళ్లం. తెల్లగా తరకలు కట్టి, ఎసిటిక్ ఆమ్లం చుక్కలు వేసినా కరగకపోతే అది ఆల్బుమిన్. నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణం ఐదు మిల్లీలీటర్లలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచితే, ఉన్న చక్కెరను బట్టి ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగు తేలేది. ఇప్పుడు పది గళ్లున్న స్ట్రిప్ ముంచితే రెండు నిమిషాల్లో చక్కెర, ఆల్బుమిన్, రక్తం, కీటోన్లు, కామెర్లను తెలిపే బిలిరుబిన్ అన్నీ తెలుస్తాయి. అయితే కొద్దిపాటి ఆల్బుమిన్ ఈ స్ట్రిప్‌కు దొరకదు. అందుకే షుగర్ ఉన్నవారు ఏడాదికొకసారి ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష అడిగి చేయించుకోవాలి. గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే హెచ్చరికగా తీసుకోవాలి.

ఒక్క చీటీ చూసి బెంబేలు పడవలసిన పనీ లేదు. జ్వరం వచ్చినా, ఏనుమాముల మార్కెట్లో హమాలీల మాదిరిగా ఎండలో బస్తాలు మోసినా ఆల్బుమిన్ కాస్త కనబడి మళ్లీ పోవచ్చు. అందుకే రెండోసారి చేయించాలి. కొత్తరకం షుగర్ మాత్రల్లో కొన్ని చక్కెరను మూత్రం ద్వారానే పంపిస్తాయి కనుక ఏ మందులు వాడుతున్నారో ముందే చెప్పాలి. మంట, జ్వరం ఏమీ లేని మనిషికి నాలుగైదు పస్ సెల్స్ (చీము కణాలు) కనబడగానే యాంటీబయాటిక్ రాసే అలవాటు కూడా మానాలి. ఆ మాత్రం ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి.

నమూనా ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. ఊళ్ల నుంచి వచ్చేవారు ఇంట్లోని టానిక్ సీసా కడిగి అందులో తెచ్చేవారు. అడుగున మిగిలిన తీపి వల్ల లేని షుగర్ తేలేది. మొదటి ధార వదిలేసి నడిమి ధారను ల్యాబ్ ఇచ్చే శుభ్రమైన డబ్బాలో పట్టి, గంట రెండు గంటల్లోపు అందించాలి. నెలసరి రోజుల్లో ఉన్న స్త్రీలు ఆ సంగతి చెప్పాలి. గర్భిణుల విషయంలో ఉపేక్ష అసలే తగదు. ఐదు నెలలు నిండిన తర్వాత బీపీ 140/90కి చేరి మూత్రంలో ఆల్బుమిన్ కూడా ఉంటే, అది ఫిట్స్‌కు దారితీసి తల్లీబిడ్డల ప్రాణాల మీదికి తేగల గుర్రపువాతపు ముందస్తు సూచన.

ములుగు, మహబూబాబాద్, జనగామ వంటి జిల్లాల్లో 2021లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు తెరిచాక ఉచిత పరీక్ష పల్లెకు దగ్గరైంది. ఇక కావలసింది ఆ చీటీని చదివి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పే మనిషి. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూస్తున్నప్పుడు, వారి సంచిలో మూత్రం స్ట్రిప్‌ల డబ్బా ఒకటి ఉంచాలని, షుగర్, బీపీ మందులు తీసుకునే ప్రతివారి పుస్తకంలో ఆల్బుమిన్ ఫలితానికి ఒక గడి కేటాయించి తేదీతో సహా రాయించాలని, ప్లస్ వచ్చినవారిని నెలలోపు వైద్యాధికారి పిలిపించి మాట్లాడాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ గడి నింపడం నేర్పడానికి నా అవసరం ఉందంటే ఏ ఊరి ఆరోగ్య కేంద్రానికైనా వచ్చి కూర్చుంటాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
హనుమకొండ