నిషేధానికి ముందు ఏం జరిగింది?

సంపాదకులకు నమస్కారం.

మీ సాహిత్యం పేజీలో ఆధిపత్యం, సబాల్టర్న్ (అధికారానికి దూరంగా అట్టడుగున ఉన్నవాళ్లు) సిద్ధాంతాల మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఆధిపత్యమంటే పైవాళ్లు కిందివాళ్ల నోరు నొక్కడమేనన్నట్టు ఉంది అందులో. ఈ ఆధిపత్య సిద్ధాంతానికి మూలమైన ఇటలీ మార్క్సిస్టు గ్రామ్షీని ముస్సోలినీ ప్రభుత్వం 1926లో జైల్లో వేసింది. అక్కడ ఆయన నోటుపుస్తకాల్లో తవ్వుకుంటూ పోయింది మరో ప్రశ్న: లాఠీ లేని చోట కూడా జనం ఎందుకు సరేనంటారు?

చెన్నైలో తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఇక్కడి సంగతే చెబుతాను. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా, 1910లో వావిళ్లవారు ఈ ఊళ్లోనే అచ్చువేశారు. మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమంటూ దాని మీద పడింది. 1947 దాకా నిషేధం పోలేదు. ఇంతవరకు చెప్పగానే పిల్లలకు తెల్లదొరల మీద కోపం వస్తుంది. కానీ అది స్త్రీలు వినదగింది కాదని అంతకుముందే తేల్చింది మన వీరేశలింగం గారు. పాత అచ్చులో కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠికే లేదు, కొన్ని పద్యాలూ లేవు. పచ్చి శృంగారం రాసిన మగకవులకు లేని అభ్యంతరం ఈమెకే వచ్చింది. అదేమిటని నాగరత్నమ్మే అడిగారు. పోలీసులు రాకముందే పండితలోకం సరేనన్న విషయమిది. సిద్ధాంతం పనికొచ్చేది ఆ ఎగిరిపోయిన పద్యాల దగ్గరే.

అయితే నాగరత్నమ్మ గారిని సబాల్టర్న్ అనడానికి నేను ఒప్పుకోను. దేవదాసీ ఇంట పుట్టినందుకు ఆమె పడ్డ అవమానం నిజమే. కానీ ఆమె పేరున్న గాయని. తిరువయ్యారులో త్యాగరాజ స్వామికి సొంత డబ్బుతో గుడి కట్టించారు, వీరేశలింగం గారినే అచ్చులో నిలదీశారు. 1988లో "సబాల్టర్న్ మాట్లాడగలరా?" అని సిద్ధాంతకర్త గాయత్రీ స్పివాక్ అడిగింది, నోరు తెరిచి చెప్పినా ఎవరి చెవికీ ఎక్కనివాళ్ల గురించి.

అలాంటివాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. చెన్నై వీధులు ఊడ్చే కార్మికుల్లో ఎంతోమందిది తరతరాలుగా ఇంట్లో తెలుగే. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నా విద్యార్థిని ఒకమ్మాయి, నాయనమ్మ పాడే పాట రాసుకొచ్చి "ఇది తెలుగేనా మేడమ్?" అని అడిగింది. ఆ అనుమానం ఆమెకు ఎవరూ కొట్టి నేర్పలేదు. పన్నెండేళ్ల పాఠ్యపుస్తకాలు నేర్పాయి.

ఈసారి ఈ సిద్ధాంతం మీద వ్యాసం వేస్తే దయచేసి ఇలాంటి పాటల మీద రాయించండి. ఆ అమ్మాయి, వాళ్ల నాయనమ్మ ఒప్పుకుంటే పాట నేనే పంపుతాను.

ఇట్లు,
ఒక తెలుగు అధ్యాపకురాలు,
పెరంబూరు, చెన్నై