యాషికా చెడిపోలేదండీ, దాని సెల్లు దొరకట్లేదంతే

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత కెమెరాల గురించి వేసింది చదివాను, ఫోటోలు బాగున్నాయి గానీ రీలు కెమెరాలన్నీ ఇక షోకేసులో పెట్టుకోడానికే అన్నమాట నాకు మింగుడు పడలేదు. మా ఇంట్లో యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్ ఉంది, 1973లో వచ్చిన మోడల్, నాన్నగారు కువైట్‌లో పనిచేసేటప్పుడు కొని 1979లో అమలాపురం తెచ్చారు, ఇప్పటికీ దాంతోనే నెలకో రీలు తీస్తున్నా.

మా కోనసీమలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు టేప్ రికార్డరుతో పాటు ఇలాంటివీ తెచ్చుకునేవారు, ఇప్పుడవి అటకల మీదున్నాయి, పాడైపోయాయనుకుని పెట్టేశారు. మాదీ పదిహేనేళ్ళు అలాగే పడుంది. అసలు సంగతేంటంటే దీనికి 5.6 వోల్టుల పాదరసం సెల్లు కావాలి, పాదరసం ప్రమాదమని అవి చెయ్యడం ఆపేశారు. సెల్లు లేకపోయినా షట్టర్ పడుతుంది, కానీ ఎప్పుడూ 1/500 సెకనుకే పడుతుంది, అంత తొందరగా పడితే వెలుతురు చాలక ఇంట్లో తీసినవన్నీ చీకటే, ఇక కెమెరా పోయిందని డిసైడ్ అయిపోతారు. నేను 6 వోల్టుల 4ఎల్ఆర్44 సెల్లు కొన్నా, అది సన్నగా పొట్టిగా ఉంటుంది కాబట్టి చుట్టూ అట్టముక్క చుట్టి మిగిలిన ఖాళీలో చిన్న స్ప్రింగు పెట్టా, వెనక బటన్ నొక్కగానే పైన ఆకుపచ్చ లైటు వెలిగింది. వంటింట్లో ఉన్న అమ్మని పిలిచి మరీ చూపించా.

దీంతో వేగాలంటే ఓపిక ఉండాలి, అది నిజమే. మనం చూసే అద్దం వేరు, ఫోటో పడే లెన్స్ వేరు, లెన్స్ మూత తియ్యకపోయినా అద్దంలోంచి అంతా మామూలుగానే కనిపిస్తుంది, వెలుతురు కొలిచే కన్ను కూడా లెన్స్‌కి బయటే ఉంటుంది కాబట్టి దానికీ తెలీదు. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్లో ఆరు ఫ్రేములు అలా పోయాయి, ఇప్పటికీ బాధే, అప్పట్నుంచి మూత సంచిలో పడ్డాకే కెమెరా ఎత్తుతా. ఫోకస్ చెయ్యాలంటే మధ్యలో ఉన్న పసుపు మచ్చలో రెండు బొమ్మలూ ఒకటయ్యేదాకా రింగు తిప్పాలి, మాదాంట్లో ఆ మచ్చ వెలిసిపోయింది, సాయంత్రం పూట కళ్ళజోడు ఫ్రేమో చీర అంచో ఏదో ఒక గీత వెతుక్కుంటా. పసుపు లైటు వెలిగిందంటే షట్టర్ 1/30 కన్నా నెమ్మదిగా పడబోతోందని, అప్పుడు గుమ్మానికి ఆనుకుని ఊపిరి బిగబట్టి తీస్తా. లెన్స్ మాత్రం బంగారం, ఎఫ్ 1.7, అంటే వెలుతురు బాగా లోపలికి రానిచ్చే రకం, దీపాల వెలుగులో కూడా మొహాలు చక్కగా వస్తాయి.

వెలుతురు లోపలికి రాకుండా వెనక డోరు చుట్టూ ఉన్న స్పాంజి జిగురై కారిపోతే నల్ల ఊలు దారం అతికించా. అంతవరకు మన చేతిలో పని. రీలు ముందుకు జరిపే లీవర్ తిప్పినప్పుడు లోపల ఠక్కుమని చప్పుడు రావాలి, రాకపోతే ఒక చిన్న రబ్బరు ముక్క అరిగిపోయిందని అర్థం, ఎక్స్‌పోజర్ లెక్క, అంటే రీలు మీద ఎంత వెలుతురు పడాలన్నది, తప్పుతుంది, అది మాత్రం విప్పడం తెలిసినవాళ్ళే చెయ్యాలి. ఒక షాపుకి తీసుకెళ్తే విప్పి చూడకుండానే పనికిరాదన్నారు, పైగా ఐదొందలకి ఇచ్చెయ్యమన్నారు. తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్దాయన ఆ ముక్క వేసి ఇచ్చారు, ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేరట.

అందుకే అడుగుతున్నా, మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి మెకానిక్‌లు ఎక్కడున్నారో, రీలు కడిగే ల్యాబులు ఏ ఊళ్ళో మిగిలాయో మీ విలేకరులతో రాయించండి. పాత సామాన్లవాడికి వేసేముందు సెల్లు పెట్టి ఆకుపచ్చ లైటు చూడమని కూడా వెయ్యండి. డోరు మాత్రం గభాల్న తెరవొద్దు, ముందు రీలు వెనక్కి చుట్టే రివైండ్ పిడి మెల్లగా తిప్పి చూడాలి, బిగుతుగా ఉంటే లోపల పాత రీలు ఉండొచ్చు, తెరిస్తే వెలుతురు తగిలి పాడవుతుంది.

ఈ ఉత్తరంతో పాటు దాంతో తీసిన గోదావరి రేవు ఫోటో పంపుతున్నా, వేస్తే సంతోషిస్తా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అమలాపురం