ఓటు మురిగిపోలేదు

ఎడిటర్ గారికి,

నేను రేపల్లెలో ముప్పై రెండేళ్ళుగా డాక్యుమెంట్ రైటర్‌ని. అమ్మకాలు, భాగపంపకాలు, అఫిడవిట్లు రాసుకుని బతికేవాణ్ణి. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. ఈసారి మాత్రం ఎర్రజెండా వైపు నిలబడదలిచాను. కారణం కొత్త పౌరసత్వ సవరణ చట్టం. ఎలాగో చెప్పుకుందామని ఈ ఉత్తరం.

మొన్న సోమవారం ఒక ముసలమ్మ ప్లాస్టిక్ సంచిలోని కాగితాలు నా బల్ల మీద గుమ్మరించింది. ఆధార్‌లో ఆవిడ పేరు చివర 'బీ' అని ఉంది. రేషన్ కార్డులో 'బేగం'. ఓటరు కార్డులో ఎవరో 'అమ్మ' తగిలించారు. వయసు మూడింట్లో మూడు రకాలు. ఎప్పుడు పుట్టావమ్మా అంటే, "ఉప్పెన నాటికి నా చంకలో పిల్ల ఉంది బాబూ" అంది. 1977 నవంబరు 19 ఉప్పెన. మా తీరంలో మనుషులే కొట్టుకుపోయిన రాత్రి. ట్రంకుపెట్టెలో పట్టా ఉందో పోయిందో ఎవరు చూశారు? మూడు పేర్లూ తనవేనని రాసిపెట్టమంది, రేపు ఎవరన్నా అడిగితే చూపిస్తానంది. 'పై మూడు పేర్లు గల వ్యక్తిని నేనే' అని రాశాను. వేలిముద్ర వేసి, వేలి సిరా తుడుచుకోకుండానే "ఇది సరిపోద్దా?" అని నా మొహంలోకి చూసింది. సరిపోద్ది అని చెప్పలేకపోయాను. సంక్రాంతి నుంచి నా బల్ల దగ్గరికి ఇలాంటివాళ్ళే వస్తున్నారు.

పౌరసత్వ సవరణ చట్టం ఎవరి పౌరసత్వాన్నీ తీసేయదంటున్నారు. ఆ చట్టం ఒక్కటే చదివితే నిజమే. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి 2014 డిసెంబరు 31లోపు వచ్చిన ఆరు మతాలవాళ్ళకు దారి ఇచ్చింది, ముస్లింలను మాత్రం వదిలేసింది. అయితే దస్తావేజులో ఒక్క పేజీ చదివి సంతకం పెట్టకూడదు. దీని ముందు పేజీ అస్సాం. అక్కడ నిరుడు ఆగస్టు 31న వచ్చిన ఎన్నార్సీ (జాతీయ పౌర పట్టిక) తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు, వాళ్ళలో హిందువులూ ఉన్నారు. వెనక పేజీ ఏప్రిల్‌లో మొదలవుతుందంటున్న ఎన్‌పీఆర్, అంటే జాతీయ జనాభా పట్టిక. అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారో, ఎప్పుడు పుట్టారో చెప్పాలట. మా వైపు యానాది కుటుంబాలను అడిగి చూడండి. పెళ్ళితో ఇంటిపేరు మారిన ఆడకూతుళ్ళను అడగండి. దేశమంతటా ఎన్నార్సీ ఉంటుందని నవంబరులో హోం మంత్రి రాజ్యసభలో అన్నారు. అసలు చర్చే జరగలేదని డిసెంబరు 22న ప్రధాని రాంలీలా మైదానంలో అన్నారు. ఏ మాట పట్టుకుని ఆ ముసలమ్మకు ధైర్యం చెప్పను?

ఆ పౌరసత్వ బిల్లు డిసెంబరు 11న రాజ్యసభలో 125–105తో గెలిచింది. పక్క రాష్ట్రంలో టీఆర్‌ఎస్ కాదంది. మన రాష్ట్రంలో అధికార పక్షం వైసీపీ, ప్రధాన ప్రతిపక్షం టీడీపీ రెండూ ఔనన్నాయి. ఫ్యాను, సైకిలు అంటూ ఊళ్ళలో అన్నదమ్ములు మాటలు మానుకున్నారు, ఢిల్లీలో ఆ రెండు పార్టీలూ ఒకే వైపు ఓటేశాయి. తర్వాత ముఖ్యమంత్రి జగన్‌గారు కడపలో ఎన్నార్సీకి ఒప్పుకోమన్నారు. ఆ మాట నిలబెట్టుకోవాలని మనసారా కోరుకుంటున్నాను.

లోక్‌సభలో సీపీఎంకు ముగ్గురు, సీపీఐకి ఇద్దరు. అంతే బలం. స్వాతంత్ర్య యోధులు రాంప్రసాద్ బిస్మిల్, అష్ఫాఖుల్లా ఖాన్ 1927లో ఒకే రోజున ఉరికంబం ఎక్కిన డిసెంబరు 19నే ఎంచుకుని వామపక్షాలు దేశమంతటా నిరసన పెట్టాయి. ఢిల్లీలో సీపీఎం నేత సీతారాం ఏచూరిని, సీపీఐ నేత డి. రాజాను పోలీసులు పట్టుకెళ్ళారు. వామపక్షాల పాలనలోని కేరళ శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేయాలని డిసెంబరు 31న తీర్మానం చేసింది. దాని మీద ఈ నెలలో సుప్రీంకోర్టు మెట్లెక్కిన మొదటి రాష్ట్రం కూడా కేరళే.

వాళ్ళ మీద నాకు కోపం లేదని కాదు. ఐదు సీట్లకు రెండు పార్టీలు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. నిరుడు పొత్తు అని చెప్పి జనసేనతో నడిచారు, నేనూ పొత్తు అభ్యర్థికే వేశాను. ఈ జనవరి 16న జనసేన వెళ్ళి బీజేపీతో చేతులు కలిపింది. ఎవరితో నడుస్తున్నామో ముందే చూసుకోవద్దా?

"నాన్నా, వాళ్ళకు వేస్తే ఓటు మురిగిపోద్ది" అంటాడు మా అబ్బాయి. గెలిచిన ఓట్లు డిసెంబరు 11న ఆ ముసలమ్మకు ఏం చేశాయిరా అని అడిగాను. పక్క బల్ల రైటర్, ఇరవై ఏళ్ళు ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగిన మనిషి, "నువ్వు దేశం వైపా, వాళ్ళ వైపా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరి టీ వాళ్ళదే. నాకు బాధగానే ఉంది. ఆ 'వాళ్ళు' రాయించుకున్న దస్తావేజుల్లో సగానికి సాక్షి సంతకం ఆయనదే.

స్థానిక ఎన్నికలు త్వరలో అంటున్నారు. మా వార్డులో ఎర్రజెండా అభ్యర్థి నిలబడితే పోలింగు రోజు ఏజెంటుగా కూర్చోడానికి మనిషి దొరకడని ఆ పార్టీ కుర్రాడు ఒకడు చెప్పాడు. ఆ కుర్చీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను కూర్చుంటానని మాటిచ్చాను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి, రేపల్లె, గుంటూరు జిల్లా
జనవరి 2020