వందన తర్వాత ఎవరు?

సంపాదకులకు,

మన మహిళల హాకీ జట్టు కొత్త సీజన్ గురించి ఆలోచిస్తే నా టెన్షనంతా ఫార్వర్డ్‌ల మీదే. 2025లో వందనా కటారియా 320 మ్యాచ్‌లు, 158 గోల్స్‌తో తప్పుకున్నారు. 2024లో రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీలో దీపిక 11 గోల్స్ కొట్టింది, నిజమే. కానీ పెనాల్టీ కార్నర్లకూ ఆమే, ఫీల్డ్ గోల్స్‌కూ ఆమే అయితే, ఆమె తొడకండరం పట్టేసిన రోజు ఎలా? నవనీత్, లాల్‌రెమ్సియామి ఉన్నారు సరే, వాళ్ల వెనకాల? ముంతాజ్ ఖాన్, బ్యూటీ డుంగ్‌డుంగ్ లాంటివాళ్లను ఆఖరి ఐదు నిమిషాలకు కాదు, రెండో క్వార్టర్ నుంచే దించాలి. కాలేజీ హాకీ జట్టులో లెఫ్ట్ ఇన్‌గా, అంటే ఎడమవైపు ఫార్వర్డ్‌గా ఆడినదాన్ని. బెంచీ మీద చల్లబడ్డ కాళ్లతో లేచి, డీలో, అంటే గోల్ ముందుండే అర్ధవృత్తంలో, గోల్‌కీపర్ ప్యాడ్లకు తగిలి వచ్చే బంతిని అందుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

- ఒక మాజీ క్రీడాకారిణి, మదనపల్లె